హెల్ముట్ కోల్ గురించి సహచర నాయకులు చెప్పే జ్ఞాపకాలు ఎలా చదవాలి

బెంగళూరు మారతహళ్లిలో మేం ఏడెనిమిది మంది తెలుగువాళ్ళం ఆదివారం పొద్దున ఒక ఫ్రెండ్ ఇంట్లో కూర్చుని చరిత్ర చదువుతుంటాం, ఈ నెల జర్మనీ పెట్టుకున్నాం. పాత మంత్రులూ ప్రధానులూ అక్కడి ఛాన్సలర్ (మన ప్రధాని లాంటి పదవి) కోల్ గురించి చెప్పినవి ముందేసుకున్నాక తెలిసిందేంటంటే వీటిని కథల్లా చదువుకుంటూ పోతే కుదరదు, పీవీ గారి 1991 గురించి మన పెద్దవాళ్ళని కదిలిస్తే తలా ఒక కథ చెప్తారు చూడండి, ఇదీ అంతే. కొత్తగా చేరేవాళ్ళ కోసం నా పద్ధతి రాస్తున్నా.

ముందు నోట్‌బుక్‌లో నాలుగు తేదీలు వేసుకోండి. ఆయన 1982 నుంచి 1998 దాకా ఛాన్సలర్. తూర్పు, పశ్చిమ జర్మనీలు కలిసింది 1990 అక్టోబర్ 3న, యూరోపియన్ యూనియన్‌కీ ఒకే కరెన్సీకీ దారి వేసిన మాస్ట్రిక్ట్ ఒప్పందం మీద సంతకాలు 1992 ఫిబ్రవరి 7న, యూరో మొదలైంది 1999 జనవరి 1న, నోట్లు జనం చేతికొచ్చింది 2002లో.

తర్వాత, మాట్లాడే మనిషి అప్పుడు ఏ కుర్చీలో ఉన్నారో చూడండి. తర్వాత ఛాన్సలర్ అయిన మెర్కెల్ గారినే తీసుకోండి, 1991లో కోల్ కేబినెట్‌లో మంత్రి అయ్యారు, 1999 డిసెంబర్‌లో వాళ్ళిద్దరి పార్టీ సీడీయూలో విరాళాల గొడవ మంచి వేడి మీద ఉన్నప్పుడు పార్టీ ఇక ఆయన లేకుండా నడవడం నేర్చుకోవాలని పేపర్లో రాశారు, మళ్ళీ 2017 జూలై 1న స్ట్రాస్‌బర్గ్‌లో యూరోపియన్ పార్లమెంట్‌లో ఆయన శవపేటిక దగ్గర నిలబడి తను ఇంతదాకా రావడంలో ఆయన చెయ్యి చాలా ఉందన్నారు. రెండూ మనస్ఫూర్తిగా అన్నవే అని నా నమ్మకం. అందుకే ఏ మాట పక్కనైనా సంవత్సరం రాయకపోతే అది సగం మాటే.

ఇక అసలు పని తేదీలతో పోల్చడం, ఇక్కడ టైం పెట్టండి. చాలామంది చెప్పేదేంటంటే జర్మనీ కలవడానికి అప్పటి ఫ్రాన్స్ అధ్యక్షుడు మిత్తెరాన్ ఒప్పుకోవాలంటే కోల్ తమ కరెన్సీ మార్కుని వదులుకోవాల్సి వచ్చింది, యూరో అలా పుట్టింది అని. వినడానికి బాగుంటుంది కానీ ఒకే కరెన్సీకి దారి చూపమని డెలోర్ కమిటీని వేసింది 1988 జూన్‌లో యూరప్ దేశాల నాయకుల హానోవర్ సమావేశంలో, రిపోర్ట్ వచ్చింది 1989 ఏప్రిల్‌లో, ఆ దారిలో మొదటి దశ 1990 జూలై 1న మొదలుపెట్టాలని మాడ్రిడ్ సమావేశంలో ఒప్పుకుంది 1989 జూన్‌లో, బెర్లిన్ గోడ పడింది ఆ తర్వాత నవంబర్ 9న! అంటే బండి అప్పటికే కదిలింది. గోడ పడ్డాక డిసెంబర్‌లో స్ట్రాస్‌బర్గ్ సమావేశంలో, ఒకే కరెన్సీ కోసం యూరోపియన్ కమ్యూనిటీ ఒప్పందం మార్చే చర్చలు 1990 చివరికల్లా మొదలుపెట్టాలని తేలింది, కాబట్టి గోడ వల్ల స్పీడ్ పెరిగిందంటే నేను ఒప్పుకుంటా, యూరో అక్కడే పుట్టిందంటే మాత్రం ఒప్పుకోను.

కళ్ళతో చూసిందేది, ఊహించిందేది అన్నది విడిగా రాసుకోండి. 1984 సెప్టెంబర్ 22న, మొదటి ప్రపంచ యుద్ధంలో రెండు దేశాల సైనికులూ లక్షల్లో పోయిన ఫ్రాన్స్‌లోని వెర్డన్‌లో కోల్, మిత్తెరాన్ చేతులు పట్టుకుని నిలబడ్డారు, ఫోటో ఉంది, దానికి తిరుగులేదు. ఆ క్షణం వాళ్ళ మనసులో ఏముందన్నది చెప్పేవాళ్ళ మాట. అయినా కోల్ అన్న రెండో ప్రపంచ యుద్ధంలో పోయాడని, మిత్తెరాన్ 1940లో ఆ వెర్డన్ దగ్గరే గాయపడ్డాడని తెలిశాక ఆ ఫోటో చూస్తే నాకు గొంతు పట్టేస్తుంది.

ఏం వదిలేశారో కూడా వెతకండి. మాస్ట్రిక్ట్‌ని పొగిడేవాళ్ళు డెన్మార్క్ జనం 1992 జూన్‌లో వద్దన్నారని, సెప్టెంబర్‌లో ఫ్రాన్స్‌లో 51 శాతంతో అంచు మీద గట్టెక్కిందని, జర్మనీలో అసలు రెఫరెండమే పెట్టలేదని చెప్పారా లేదా చూడండి.

పుస్తకాలకి ఇందిరానగర్‌లో మాక్స్ ముల్లర్ భవన్ లైబ్రరీ ఉంది, పాతవి చర్చ్ స్ట్రీట్‌లో వెతకండి, యూరోపియన్ కౌన్సిల్ (అంటే పైన చెప్పిన నాయకుల) సమావేశాల తీర్మానాలు నెట్‌లో ఫ్రీగానే దొరుకుతాయి. వచ్చే ఆదివారం అప్పటి బ్రిటన్ ప్రధాని థాచర్ వైపు నుంచి చూద్దాం, 1988 సెప్టెంబర్ 20న బెల్జియంలోని బ్రూజ్‌లో ఆవిడ చేసిన ప్రసంగం చదివి, పైన సంవత్సరం, కుర్చీ రాసుకుని రండి.