ప్లాస్టిక్ అతికించే ముందు కెమికల్ పూస్తున్నారా? ముందు ఇవి చూసుకోండి

అసలు అది ఏ ప్లాస్టిక్కో తేల్చుకోండి. అసిటోన్ (నెయిల్ పాలిష్ తీయడానికి వాడే ద్రావకం) తగిలితే ఏబీఎస్, పాలీస్టైరీన్ అనే ప్లాస్టిక్‌లు కరిగిపోతాయి, పాలీకార్బొనేట్‌కైతే సన్నటి పగుళ్లొస్తాయి, కాబట్టి ఏ ద్రావకమైనా కనపడని మూల ఒక చుక్క వేసి చూశాకే మిగతాది.

గ్లవ్స్, కళ్లద్దాలు తప్పనిసరి. కిటికీలు తీయండి, దగ్గర్లో మంట గానీ స్పార్క్ గానీ ఉండకూడదు.

పాలీప్రొపిలీన్, పాలిథిన్‌లకు జిగురు ఊరికే పట్టదు. జిగురు పట్టేలా పైపొరను మార్చడానికి క్రోమిక్ యాసిడ్ పద్ధతి ఒకటుంది కానీ, అందులోని క్రోమియం క్యాన్సర్ కారకం, ఇంట్లో దాని జోలికే పోవద్దు. ఆ ప్లాస్టిక్‌ల కోసమే తయారుచేసిన ప్రైమర్ (జిగురుకు ముందు పూసేది) వాడండి.

ఏ యాసిడ్ పలుచన చేసినా నీళ్లలోకి యాసిడ్, తిరగేసి ఎప్పుడూ కాదు.

ద్రావకంతో తుడిచిన చోట వేలు పెట్టకండి (అందరం పెడతాం!), చేతి జిడ్డు అంటుకుంటుంది. ద్రావకం పూర్తిగా ఆరాక, మళ్లీ దుమ్ము పట్టేలోపే అతికించేయండి.