మూర్తిమత్వ ప్రశ్నావళిలో సందర్భాన్ని లెక్కలోకి తీసుకోవడం ఎలా

"నేను నలుగురిలో కలుపుగోలుగా ఉంటాను" అనే వాక్యానికి ఒకటి నుంచి ఐదు వరకు అంకె వేయమన్నప్పుడు, జవాబిచ్చేవారు ముందుగా ఆ నలుగురూ ఎవరో ఊహించుకోవలసి వస్తుంది. పెళ్లింట్లో బంధువులు గుర్తుకొస్తే ఐదు వేసే మనిషే, పై అధికారులతో జరిగే సమావేశం గుర్తుకొస్తే రెండు దగ్గర ఆగిపోవచ్చు. అందువల్ల ఫలితాన్ని దేనికి వాడబోతున్నారో మొదట తేల్చుకొని, ఆ సందర్భాన్ని ప్రశ్నలోనే రాయాలి. 1995లో మనస్తత్వ పరిశోధకులు ష్మిట్, ర్యాన్, వారి సహచరులు బాధ్యతాశీలతను కొలిచే ప్రశ్నలకు "చదువుకొనేచోట" అనే అర్థమిచ్చే మాట జోడించి చూడగా, ఆ స్కోర్లు మామూలు ప్రశ్నల కంటే మెరుగ్గా విద్యార్థుల మార్కులను సూచించాయి.

పరీక్ష జరిగే తీరు కూడా ఒక సందర్భమే. ఉద్యోగానికి దరఖాస్తు చేసుకున్నవారు సాధారణంగా తమను ఎక్కువ బాధ్యత గలవారిగా, తక్కువ ఆందోళన పడేవారిగా చూపించుకుంటారు కాబట్టి, వారి స్కోర్లను ఏ ఒత్తిడీ లేకుండా జవాబిచ్చినవారి సగటుతో పోల్చకూడదు. ప్రశ్నావళిని ఎవరు, ఎక్కడ, ఎందుకు ఇచ్చారో మొదటి పుటలోనే నమోదు చేయాలి. (పేరు రాయనక్కరలేదని చెప్పి, హాజరుపట్టీ వరుసలో కాగితాలు వెనక్కి తీసుకుంటే ఆ గోప్యతను ఎవరూ నమ్మరు.)

అన్నిటికంటే ముఖ్యం, ఒక్కసారి కొలిచి తీర్పు చెప్పకపోవడం. 1928లో హార్ట్‌షోర్న్, మే అనే ఇద్దరు పరిశోధకులు వేలాది మంది పిల్లల నిజాయితీని రకరకాల సందర్భాలలో పరీక్షించినప్పుడు, ఒక పరీక్షకూ మరొకదానికీ సహసంబంధం (రెండు కొలతలు ఎంతగా కలిసి మారతాయో చెప్పే అంకె, పూర్తిగా కలిస్తే 1) స్వల్పంగానే కనిపించింది. 1968లో మనస్తత్వ శాస్త్రవేత్త వాల్టర్ మిషెల్ ఇటువంటి సహసంబంధాలు 0.30 దాటడం అరుదని చూపడంతో, సందర్భం మారినా నిలిచి ఉండే మూర్తిమత్వ లక్షణాలనేవి అసలున్నాయా అన్న వాదం బయలుదేరింది. ఆ వాదంలో ఒక పక్షాన నిలబడనక్కరలేదని నా అభిప్రాయం. 2001లో ఫ్లీసన్ అనే పరిశోధకుడు రోజుకు పలుమార్లు చొప్పున దాదాపు రెండు వారాలు ప్రవర్తనను నమోదు చేయించినప్పుడు, ఒకే మనిషి గంటగంటకూ ఎంతో మారాడు. అయినా అతని సగటు మాత్రం వారం మారినా స్థిరంగా ఉంది. కనుక చిన్న నమోదు పత్రం ఒకటి తయారు చేసి, "గత అరగంటలో ఎక్కడున్నారు, ఎవరితో ఉన్నారు, ఎంతగా మాట్లాడారు" అని మూడే ప్రశ్నలు వేసి, వేళ మార్చి మార్చి ఫోనుకు పంపాలి. ఎప్పుడూ రాత్రి ఎనిమిదింటికే పంపితే ఇంట్లోని మనిషి తప్ప మరెవరూ దొరకరు. లెక్క కట్టేటప్పుడు సగటుతోపాటు ప్రామాణిక విచలనాన్నీ (జవాబులు సగటు నుంచి ఎంతగా అటూఇటూ అవుతాయో చెప్పే కొలతను) చూడాలి.

సగటు సమానమైనా మనుషులు సమానం కారు. వేసవి శిబిరంలోని పిల్లలను పరిశీలించిన షోడా, మిషెల్, రైట్, తోటివారు ఆటపట్టించినప్పుడు కోపగించుకొనేవారినీ, పెద్దలు మందలించినప్పుడు మండిపడేవారినీ వేరు చేసి చూపగలిగారు. నివేదికలో "దూకుడు: మధ్యస్థం" అని వదిలేయకుండా, "పెద్దలు హెచ్చరిస్తే ఎదురు తిరుగుతాడు, స్నేహితుల మధ్య సర్దుకుపోతాడు" అని రాస్తే ఉపాధ్యాయుడికి పనికొస్తుంది. పరీక్షహాలు వంటి చోట నియమాలే అందరినీ ఒకేలా కూర్చోబెడతాయి కనుక, అక్కడి మౌనాన్ని అంతర్ముఖతగా లెక్కించకూడదు. ఏయే సందర్భాలలో కొలిచారో, వేటిలో కొలవలేదో స్కోరు పక్కనే పేర్కొనాలి.