ఫ్యామిలీ థెరపిస్ట్‌ని ఎలా వెతుక్కోవాలి, అక్కడికెళ్తే అసలు ఏం జరుగుతుంది

మా తమ్ముడు పదిహేనేళ్లప్పుడు స్కూల్‌కి వెళ్లడం మానేసి రోజంతా రూమ్ తలుపేసుకుని కూర్చునేవాడు, బతిమాలినా తిట్టినా లాభం లేకపోయేసరికి వాడినొక్కడినే ఒక కౌన్సెలర్ దగ్గరికి పంపించాం. ఆ కౌన్సెలర్ మా నాన్న చెప్పిందంతా విని వాడికి గంటసేపు క్లాస్ పీకారు. ఇంటికొచ్చాక వాడు ఇంకా ముడుచుకుపోయాడు, మాతో తినడానికి కూడా వచ్చేవాడు కాదు. ఆరు నెలలు అలా పోయాక ఫ్యామిలీ థెరపీ చేసే ఒకావిడ దొరికారు, ఆవిడ మా నలుగుర్నీ రమ్మన్నారు. ప్రాబ్లం వాడిది కదా మేమెందుకు అని అమ్మ అడిగింది కూడా.

రెండో సెషన్‌లో ఆవిడ నన్ను అడిగారు, నాన్నా తమ్ముడూ గొడవ పడుతుంటే అమ్మ ఏం చేస్తారు అని. మధ్యలోకి వెళ్లి నాన్నని ఆపుతుంది అన్నాను. అప్పుడు నాన్న? అమ్మ మీద అరుస్తారు. అప్పుడు తమ్ముడు? వాడి వల్లే అమ్మ తిట్లు తింటోందని వెళ్లి తలుపేసుకుంటాడు. ఆ తలుపు చూస్తే నాన్నకేమవుతుంది? నాన్నే అందుకుని, "ఇంకా మండుకొస్తుంది" అన్నారు, అని చాలాసేపు నేలకేసి చూస్తూ ఉండిపోయారు. ఎవరూ ఎవర్నీ తప్పుపట్టలేదు, కానీ నలుగురం కలిసి ఒక చక్రం తిప్పుతున్నామని మొదటిసారి అక్కడే కనిపించింది.

ఇలా ఒకళ్ల గురించి ఇంకొకళ్లని అడుగుతూ పోవడం వాళ్ల ట్రైనింగ్‌లో భాగమే, ఇటలీలోని మిలాన్‌లో సెల్వీని పలజోలి అనే సైకియాట్రిస్ట్ టీమ్ దీన్ని డెవలప్ చేసి 1980లో పేపర్ రాసింది. ఇంకా ముందు 1950ల్లో అమెరికాలో మర్రే బోవెన్ అనే సైకియాట్రిస్ట్ స్కిజోఫ్రెనియా (లేని మాటలు వినపడటం, లేనిపోని అనుమానాలు లాంటివి వచ్చే తీవ్రమైన మానసిక జబ్బు) ఉన్నవాళ్లతో పాటు వాళ్ల ఇంటివాళ్లని కూడా రీసెర్చ్ వార్డులోనే ఉంచి గమనించాడు. ఇద్దరి మధ్య టెన్షన్ పెరిగితే తట్టుకోలేక మూడో మనిషిని లోపలికి లాగుతారు, అదొక ట్రయాంగిల్ అవుతుంది అన్నది ఆయన మాటే. మా ఇంట్లో అమ్మ ఆ మూడో మనిషి.

ఫ్యామిలీ థెరపీ మందులకి బదులు కాదు, డిప్రెషన్‌కో స్కిజోఫ్రెనియాకో ట్రీట్‌మెంట్ నడుస్తుంటే అది నడవాల్సిందే. కానీ స్కిజోఫ్రెనియాలో మందులతో పాటు ఇంటివాళ్లతో కూడా పనిచేస్తే జబ్బు తిరగబెట్టడం తగ్గుతుందని బాగా రుజువైంది, టీనేజ్ పిల్లలు తిండి మానేసే అనొరెక్సియాలో అయితే చాలా గైడ్‌లైన్స్ ముందు ఫ్యామిలీతో కలిపి చేసే ట్రీట్‌మెంట్‌నే చెప్తాయి. విడాకులు, ఇంట్లో ఎవరైనా పోవడం, తాగుడు, పెద్ద జబ్బు, వీటిల్లోనూ పనికొస్తుంది.

ఇక వెతకడం. మీ డాక్టర్‌నో, సైకియాట్రిస్ట్‌నో, పిల్లల స్కూల్ కౌన్సెలర్‌నో అడగండి, లేదా మీరున్న దేశంలో ఫ్యామిలీ థెరపిస్టుల అసోసియేషన్ ఉంటే దాని లిస్ట్ చూడండి. చాలా చోట్ల కౌన్సెలర్ అనే బోర్డు ఎవరైనా పెట్టుకోవచ్చు కాబట్టి లైసెన్సో రిజిస్ట్రేషనో ఉందా అని చూసుకోవడం తప్పనిసరి. దొరికాక వెంటనే అపాయింట్‌మెంట్ తీసేసుకోకుండా ముందు ఫోన్లో ఓ పది నిమిషాలు మాట్లాడండి. మొహమాటపడొద్దు, మంచివాళ్లు ఏమీ అనుకోరు. ఫ్యామిలీ థెరపీలో విడిగా ట్రైనింగ్ తీసుకున్నారా, ఇంటిల్లిపాదినీ ఒకే రూమ్‌లో కూర్చోబెట్టి ఎన్నాళ్లుగా చేస్తున్నారు అని అడగండి, ఎందుకంటే ఒక్కొక్కరితో మాట్లాడటంలో ఎంత అనుభవమున్నా నలుగురు ఒకేసారి అరుచుకుంటుంటే పట్టుకోవడం వేరే విద్య.

నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న ఇంకోటుంది. మాలో ఒకరు మీకు విడిగా ఫోన్ చేసి ఒక సీక్రెట్ చెప్తే మీరేం చేస్తారు? కొందరు విడిగా అసలు విననే వినం అంటారు, కొందరు వింటాం గానీ అది సెషన్‌లో చెప్పేలా మీకే సాయం చేస్తామంటారు. రెండూ ఓకే, అది ముందే స్పష్టంగా చెప్పగలగాలి అంతే. జవాబు నసిగితే ఇంకొకరిని చూసుకోండి.

ఒక్క జాగ్రత్త. ఇంట్లో కొట్టడం, బెదిరించడం ఉంటే అందరూ కలిసి కూర్చోవడంతో మొదలుపెట్టకండి, సెషన్‌లో నోరు విప్పినవాళ్లకి ఇంటికెళ్లాక దెబ్బలు పడే ప్రమాదముంది. ఆ సంగతి ఫోన్లోనే చెప్పి, ముందు ఒక్కరే వెళ్లి సేఫ్టీ గురించి మాట్లాడండి.

ఎవరో ఒకరు రానంటారు, దాదాపు ప్రతి ఇంట్లో జరిగేదే. "నువ్వు మారాలి, రా" అంటే ఎవరొస్తారు? మా నాన్నని అమ్మ ఇలా అడిగింది, "నావల్ల కావట్లేదు, నీకేం అనిపిస్తోందో అక్కడికొచ్చి చెప్పు, ఒక్కసారి చాలు" అని. వచ్చారు. అయినా రాకపోతే వచ్చేవాళ్లతోనే మొదలుపెట్టండి, ఒకరు తీరు మార్చుకున్నా మిగతావాళ్లు పాత పద్ధతిలోనే ఉండటం కష్టమవుతుంది.

సెషన్ మామూలుగా గంట నుంచి గంటన్నర, వారానికో రెండు వారాలకో ఒకటి. మొదట్లో చాలామంది మూడు తరాల మ్యాప్ గీయిస్తారు, మగవాళ్లకి చతురస్రం, ఆడవాళ్లకి గుండ్రం, గొడవలున్న ఇద్దరి మధ్య వంకరటింకర గీత. మా కాగితం మీద నాన్నకీ ఆయన నాన్నకీ మధ్య కూడా అదే గీత పడింది, ఆ సంగతి మాకెవరికీ తెలీదు.

తర్వాత ఇంటికి పనులిస్తారు. మాకిచ్చింది, నాన్నా తమ్ముడూ మాట్లాడుకుంటుంటే అమ్మ మధ్యలోకి రాకూడదు అని. మొదటిరోజు గొంతులు పెరుగుతుంటే అమ్మ వంటింటి గుమ్మం దగ్గర తలుపు చెక్క గట్టిగా పట్టుకుని నిలబడింది, వేళ్లు తెల్లబడిపోయాయి, కానీ కదల్లేదు. ఆపేవాళ్లు లేక నాన్న తనంతట తానే ఆగారు. వాడు తలుపేసుకోలేదు.

నాలుగైదు సెషన్లయినా ఒకరినే తప్పుపడుతున్నారనిపిస్తే ఆ మాట థెరపిస్ట్‌తోనే అనండి, విని సర్దుకుంటే సరే, మీదే తప్పన్నట్టు మాట్లాడితే మారిపోండి. మధ్యలో ఒకట్రెండు వారాలు గొడవలు పెరిగినట్టు అనిపించొచ్చు, అన్నాళ్లూ లోపల దాచుకున్నవి బయటికొస్తాయి కాబట్టి, అప్పుడే ఆపేయకండి. గొడవలు తగ్గాయా అనే కాకుండా గొడవయ్యాక మళ్లీ మాట్లాడుకోవడానికి ఎంతసేపు పడుతోందో గమనించండి. మాకు మొదట్లో వారం పట్టేది, చివరికి రాత్రి గొడవైతే తెల్లారేసరికి మాట్లాడుకునేవాళ్లం, అప్పుడే ఆవిడ సెషన్లు నెలకొకటి చేసేశారు.