నొప్పి మోకాలిది, తప్పు అడుగుది: పరుగులో, ఆటలో వచ్చే ఇబ్బందులకు కాస్త భౌతికశాస్త్రం

తెల్లారగట్ల విశాఖ ఆర్కే బీచ్‌లో నన్ను ఆపి మాట్లాడేవాళ్లలో ఎక్కువమంది అడిగేది ఒకటే. "మాస్టారూ, ఇక్కడ నొప్పండి, ఏటి కారణం?" వాళ్లు వేలు పెట్టి చూపించే చోట నాకు కారణం అరుదుగా దొరుకుతుంది. అందుకే ముందు పాదం ఎక్కడ పడుతోందో చూస్తాను. మనిషి తనంతట తాను ముందుకు పోలేడు. మనం నేలను వెనక్కి తోస్తే, నేల మనల్ని ముందుకు తోస్తుంది. న్యూటన్ మూడో నియమం ఇదే. ఆ తోపు ఎటు నుంచి, ఎంతసేపు వస్తోందో కనిపెడితే సగం పని అయినట్టే. వాపు ఉన్నా, కాలు మోపలేకపోతున్నా మాత్రం ఇది చదువుతూ కూర్చోకండి, డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

సమస్య: పరిగెడితే అడుగు ధబ్‌ధబ్‌మని మోగుతోంది, మోకాలి కింద ముందు ఎముక సలుపుతోంది

కారణం: కాలు ఒంటికి మరీ ముందుగా పడుతోంది. 70 కిలోల మనిషి పరిగెడుతుంటే అడుగడుగుకీ నేల అతని బరువుకు రెండు మూడు రెట్ల బలంతో తిరిగి తోస్తుంది. అంటే 140 నుంచి 210 కిలోల బరువు మోపినట్టు. దాన్ని తప్పించుకోలేం. కానీ పాదం నడుం కింద కాకుండా బాగా ముందుకెళ్లి పడితే, ఆ తోపులో కొంత భాగం మనల్ని వెనక్కి నెడుతుంది. బండికి ఎక్సలేటర్ ఇస్తూనే బ్రేక్ తొక్కినట్టన్నమాట. ఆ బ్రేక్ దెబ్బంతా ఎముక మీద పడుతుంది.

నమ్మకం కుదరకపోతే చెప్పులు, బూట్లు విప్పి, అల వెనక్కి వెళ్లిన తడి ఇసుక మీద మామూలు వేగంతో పది అడుగులు పరిగెత్తండి. వెనక్కొచ్చి, గొంతుక్కూర్చుని ఆ ముద్రల్ని చూడండి. మడమ దగ్గర గుంట లోతుగా పడి, దాని ముందు ఇసుక చిన్న కట్టలా పోగైతే మీరు నేలను ముందుకు నెట్టారు, అది మిమ్మల్ని ఆపింది. ముద్ర సమంగా ఉండి, వేళ్ల దగ్గర ఇసుక వెనక్కి చిమ్మినట్టుంటే ఫర్వాలేదు. తర్వాతి అల వచ్చేలోగా చూసుకోవాలి మరి.

పరిష్కారం: అడుగు పొడవు తగ్గించి, అడుగుల సంఖ్య పెంచండి. కుడికాలు 30 సెకన్లలో ఎన్నిసార్లు పడిందో లెక్కపెట్టి నాలుగుతో హెచ్చిస్తే నిమిషానికి ఎన్ని అడుగులో తెలుస్తుంది. 38 సార్లు పడితే 152. దీన్ని అయిదు శాతం పెంచితే 160, అంటే అదే 30 సెకన్లలో కుడికాలు 40 సార్లు పడాలి. కొన్ని వారాలు అక్కడే ఉండండి. నిమిషానికి 180 వేస్తేనే అసలైన పరుగు అనే మాట నేనైతే ఒప్పుకోను. ఎత్తును బట్టి, వేగాన్ని బట్టి ఆ సంఖ్య మారుతుంది.

సమస్య: ఒక్క మోకాలే నొప్పి, రెండోది బాగానే ఉంది

ఇది మన తీరం వాలు చేసే పని. బీచ్‌లోని సబ్‌మెరైన్ మ్యూజియం దగ్గర బయల్దేరి లాసన్స్ బే వైపు ఇసుకలో వెళ్తే సముద్రం కుడిపక్కన ఉంటుంది. కుడికాలు పల్లంలో, ఎడమకాలు మిట్టలో పడతాయి. ఒక కాలు పొడవు, ఒక కాలు పొట్టి అయినట్టు నడుం ఒరుగుతుంది. తిరుగు పరుగు కూడా అదే ఇసుకలో చేస్తే కాళ్లు వంతులు మార్చుకుంటాయి. ఒక కుర్రాడు వెళ్లేటప్పుడు ఇసుకలో పరిగెత్తి, వచ్చేటప్పుడు స్నేహితుడి బండెక్కి ఇడ్లీకి పోయేవాడు. నెల తిరక్కుండా కుంటుకుంటూ వచ్చాడు. ఆటు సమయంలో తేలిన, చదునైన, గట్టి ఇసుక చూసుకోండి, లేదా రోడ్డెక్కండి. పొడి ఇసుకలో ఇంకో సంగతి ఉంది. పాదం కింద ఇసుక జారినప్పుడల్లా మన శ్రమలో కొంత ఇసుకను కదపడానికే పోతుంది. గట్టి నేల మీద కంటే ఇంచుమించు 1.6 రెట్ల శక్తి ఖర్చవుతుంది. కాబట్టి రోడ్డు మీది టైమింగ్‌తో పోల్చుకుని దిగులు పడొద్దు.

సమస్య: మే నెలలో చెమట ధారగా పోస్తున్నా ఒళ్లు చల్లబడదు

చెమట కారితే చల్లబడం, ఆరితే చల్లబడతాం. ఒక లీటరు చెమట ఆవిరైపోతూ సుమారు 580 కిలో కేలరీల వేడిని పట్టుకుపోతుంది. గడ్డం నుంచి టపటపా రాలిన చెమట దాదాపు ఏమీ పట్టుకుపోదు. సముద్రపు గాలిలో తేమ నిండుగా ఉన్న రోజు ఆరే చోటే లేదు. వేగం తగ్గించండి, సూర్యోదయానికి ముందే ముగించండి, గాలికి ఎదురుగా ఉండేలా దారి పెట్టుకోండి.

సమస్య: సింహాచలం మెట్లు హాయిగా ఎక్కాను, దిగాక రెండు రోజులు కుర్చీలో కూర్చోలేకపోయాను

ఎక్కేటప్పుడు తొడ కండరం కుదించుకుంటూ పని చేస్తుంది. దిగేటప్పుడు ఒంటిని ఆపుతూ, బిగిసి ఉండగానే సాగాల్సి వస్తుంది. ఆయాసం తక్కువ, కండరానికి దెబ్బ ఎక్కువ. వారం పది రోజుల ముందు ఒకసారి కొద్ది మెట్లే దిగి చూడండి. అలవాటు పడిన కండరం రెండోసారి అంత గోల చెయ్యదు.

సమస్య: హర్డిల్ బాగానే దాటుతున్నా, పక్కవాళ్లు ముందుకెళ్లిపోతున్నారు

పిల్లలు హర్డిల్‌ను గోడ దూకినట్టు దూకుతారు. గాల్లో ఉన్నంతసేపు నేల లేదు, నేల లేనిచోట తోపు లేదు, వేగం పెంచుకునే దారే లేదు. లెక్క చూడండి. గురుత్వ కేంద్రం, అంటే ఒంటి బరువంతా ఒక్కచోట ఉన్నట్టు అనుకునే బిందువు, 30 సెంటీమీటర్లు పైకి లేచి అదే ఎత్తుకు దిగాలంటే సుమారు అర సెకను పడుతుంది. 10 సెంటీమీటర్లే లేస్తే 0.29 సెకను. తేడా 0.2. పది హర్డిళ్లకు రెండు సెకన్లు! 100 మీటర్ల హర్డిల్స్‌లో రెండు సెకన్లంటే పతకానికీ, మొదటి రౌండ్‌లోనే ఇంటికి రావడానికీ మధ్య ఉన్నంత దూరం. మన విశాఖ అమ్మాయి జ్యోతి యర్రాజి ఈ పరుగును 13 సెకన్ల లోపు ముగించిన తొలి భారత మహిళ, 2023 బ్యాంకాక్ ఆసియా ఛాంపియన్‌షిప్‌లో స్వర్ణం తెచ్చింది. ఆమె పరుగు వీడియోలో కాళ్లను కాదు, తలను చూడండి, అది ఎంత తక్కువ పైకి లేస్తుందో తెలుస్తుంది.

పరిష్కారం: హర్డిల్ దగ్గరకంటా వచ్చి ఎగరొద్దు. పెద్దవాళ్లయితే ఇంచుమించు రెండు మీటర్ల ముందే నేల వదలాలి. మోకాలు ముందు, ఛాతీ దాని మీదికి వంచి. నేల వదిలాక గురుత్వ కేంద్రం దారి మారదు, ఆ తర్వాత చేతులు ఎంత ఊపినా వృథా. అందుకని తప్పు దిద్దాల్సింది గాల్లో కాదు, ఎగిరే చోట.

సమస్య: క్యాచ్ పడితే అరచేతులు మండిపోతున్నాయి, సగం జారిపోతున్నాయి

160 గ్రాముల బంతి గంటకు 72 కిలోమీటర్ల వేగంతో వస్తోందనుకోండి. దాన్ని బిర్రబిగిసిన చేతులతో 5 సెంటీమీటర్లలో ఆపితే అరచేతి మీద సగటున 65 కిలోల బరువు పడ్డట్టు. అదే బంతితో పాటు చేతుల్ని 40 సెంటీమీటర్లు వెనక్కి లాగుతూ ఆపితే 8 కిలోలే. బంతి అదే, వేగం అదే, ఆగే దూరం మారిందంతే. గుడ్డు విసిరితే ఎలా పడతామో అలా పట్టాలి. మా వీధిలో నిజంగానే గుడ్లతో నేర్పేవాళ్లం, ఇంట్లో తిట్లు తిని మానేశాం.

సమస్య: బరువులెత్తితే నడుం పట్టేస్తోంది

కారణం బరువు కాదు, దూరం. నడుం వెనక కండరాలు వెన్ను కీలుకు సుమారు 5 సెంటీమీటర్ల దూరంలో లాగుతాయి. 20 కిలోల ప్లేటును 40 సెంటీమీటర్ల ముందు పట్టుకుంటే ఎనిమిది రెట్లు, అంటే 160 కిలోల లాగుడు. మీ ఒంటి బరువు దీనికి అదనం. 25 సెంటీమీటర్లకు తెస్తే 100. శ్రీకాకుళం జిల్లా కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో స్నాచ్‌లో (ఒకే ఊపున తల పైకి) 110, క్లీన్ అండ్ జర్క్‌లో (ముందు భుజాల దాకా, తర్వాత తల పైకి) 130, మొత్తం 240 కిలోలెత్తి కాంస్యం గెలిచింది. ఏ మంచి లిఫ్టర్‌ను చూసినా బార్ ఒంటికి రాసుకున్నంత దగ్గరగా పైకెళ్తుంది. అది అందం కోసం కాదు. మోకాళ్లు వంచండి, బరువును పాదం మధ్యకు తెచ్చుకోండి, ఆ తర్వాతే లేవండి.

వంటింట్లో 20 లీటర్ల వాటర్ టిన్నుకూ ఇదే లెక్క. జిమ్‌లో ఒద్దికగా ఎత్తి, ఇంటికొచ్చి టిన్ను దగ్గర నడుం పట్టించుకున్నవాళ్లలో నేనూ ఒకణ్ని.