చెట్టును గుర్తుపట్టడం – 4వ పాఠం: పాలు కారే నాలుగు చెట్లు

పోయిన పాఠంలో వేప, కానుగ రెబ్బలు పక్కపక్కన పెట్టి చూశాం. రంపపు పళ్ళ అంచు ఉన్నది వేప, నున్నగా మెరిసేది కానుగ. ఆ రెండూ మీకు వచ్చేసి ఉంటాయి. ఈసారి ఒకే కుటుంబంలోని మర్రి, రావి, మేడి, జువ్వి. వీటి దగ్గర కాస్త ఎక్కువసేపు నిలబడాలి.

ముందు కుటుంబం గుర్తు. చెట్టు కింద రాలిన పచ్చి ఆకు ఒకటి తీసుకుని తొడిమ తుంచండి. తెల్లటి పాలు వస్తాయి. ఆ చేత్తో కన్ను నలుపుకోకండి, మండుతుంది. పాలొక్కటే చూసి తేల్చేయకూడదు, జిల్లేడుకూ పాలున్నాయి. కాబట్టి కొమ్మ చివర చూడండి. చిగురు మీద మొనదేలిన టోపీలాంటి పొర ఉంటుంది. ఆకు విప్పుకోగానే అది రాలిపోయి, కొమ్మ చుట్టూ ఉంగరంలా సన్నటి గీత మిగులుతుంది. సంపెంగ కొమ్మకూ ఈ ఉంగరం ఉంటుంది గానీ పాలు రావు. రెండు గుర్తులూ కలవాలి. రెండూ కలిసినా పనస కావచ్చు. అది వీటికి దగ్గరి చుట్టమే, కాయ చూస్తే అనుమానం తీరిపోతుంది.

ఇక విడివిడిగా. రావి ఆకు కొస తోకలా సాగి ఉంటుంది. తొడిమ పొడుగ్గా, సన్నగా ఉంటుంది కాబట్టి మిగతా చెట్లు కదలనంత చిన్న గాలికి కూడా గలగలమంటుంది. కళ్ళు మూసుకుని గుర్తుపట్టగలిగేది ఇదొక్కటే. మర్రి ఆకు దళసరి, కొస మొద్దు, కొమ్మల నుంచి ఊడలు దిగుతాయి. లేత మర్రికి ఊడలుండవు, అప్పుడు ఆకునే నమ్మాలి. మేడికి కాయలు మొద్దుకే గుత్తులుగా అంటుకుని ఉంటాయి. జువ్వి ఆకు రావికి దగ్గరగా ఉంటుంది, తోక మాత్రం చిన్నది. ఆకులన్నీ రాల్చేసి, కొద్దిరోజుల్లోనే రాగి రంగు చిగురు వేస్తుంది. నేను మా బస్టాప్ దగ్గరి జువ్విని రెండేళ్లు రావి అనే అనుకున్నాను, నలుగురికి చెప్పాను కూడా!

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. మేడి పూత మీరెప్పుడైనా చూశారా? చూసి ఉండరు. పూలన్నీ కాయ లోపలే ఉంటాయి. కాయను నిలువునా కోస్తే గోడ పొడుగునా చిన్న చిన్న పూలు కనిపిస్తాయి. కాయ కొసన ఉన్న సన్నటి రంధ్రంలోంచి దోమకంటే చిన్న కందిరీగ ఒకటి లోపలికి దూరుతుంది. ఆ దూరడంలో రెక్కలు ఊడిపోతాయి. లోపల కొన్ని పూలలో గుడ్లు పెట్టి, తను తెచ్చిన పుప్పొడిని మిగతా పూలకు అంటించి, అక్కడే చనిపోతుంది. పుట్టిన పిల్లల్లో మగవాటికి రెక్కలే ఉండవు. అవి ఆడవాటితో జతకట్టి, బయటికి దారి తవ్వుతాయి. ఆడవి పుప్పొడితో ఎగిరిపోతాయి. మేడిపండు పొట్టలో పురుగులని మనం ఎద్దేవా చేస్తాం గానీ, ఆ పురుగు లేకపోతే విత్తనమే లేదు.

ఈ కందిరీగ బయట ఒకటి రెండు రోజులకు మించి బతకదు. అంతలో ఇంకో కాయ దొరకాలి. అందుకే ఒకే జాతి చెట్లైనా అన్నీ ఒకేసారి కాయవు, వంతులవారీగా కాస్తాయి. దానివల్ల లాభపడేది పిట్టలు. ఎండాకాలంలో ఇంకెక్కడా పండు లేనప్పుడు కూడా ఊళ్ళో ఏదో ఒక రావో, మర్రో పండి ఉంటుంది. గోరింకలు, కోకిలలు, పచ్చ పావురాలు, రాత్రయితే గబ్బిలాలు వాలతాయి. అవి తిని రెట్ట వేసిన చోటే మేడ గోడ పగుల్లో రావి మొలుస్తుంది, తాటిచెట్టు మీద మర్రి మొలుస్తుంది. గోడ మీది మొక్కను చిన్నప్పుడే తీసి నేలలో నాటండి, పెద్దదైతే గోడ దక్కదు.

మర్రి ఎంతదాకా పోగలదో చూడాలంటే కదిరి దగ్గరి తిమ్మమ్మ మర్రిమాను సుమారు 5 ఎకరాలు పరుచుకుంది, 1989లో గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కింది. మహబూబ్‌నగర్ పక్కన పిల్లలమర్రికి చెదలు పడితే 2018లో సెలైన్ సీసాల్లాంటివి వేలాడదీసి మందు ఎక్కించారు. లేత ఊడలు నేలకు చేరేలా పైపుల్లోంచి దింపారు. అక్కడికి వెళ్తే ఏది మొదటి మాను, ఏది ఊడ అని వెతకండి. నాకైతే తేల్చడం కష్టమే అయింది.

ఈ వారం పని: మీ ఇంటికి నడిచేంత దూరంలో ఈ నాలుగింటిలో కనీసం రెండు వెతికి పట్టుకోండి. నోటు పుస్తకంలో చెట్టు ఉన్న చోటు, తేదీ, కాయ ఉందా లేదా, పచ్చిదా పండిందా రాయండి. పొద్దున్నే పది నిమిషాలు కింద నిలబడి ఏ పిట్టలు వచ్చాయో కూడా రాయండి, పేరు తెలియకపోతే రంగు రాసినా చాలు. టోపీ వేసుకుంటే మంచిది, ఎందుకో నిలబడ్డాక మీకే తెలుస్తుంది. వచ్చే పాఠానికి చింత ఆకు, నిద్రగన్నేరు ఆకు సాయంత్రం ఆరు తర్వాత ఒకసారి చూసి రండి.