నిర్ణయం చెప్పే భాష – 4వ పాఠం: క్రియకు కర్త ఎవరు?

గడువులు ఎలా చెప్పాలో గత పాఠంలో చూశాం. ఈసారి క్రియాపదం. తెలుగులో అది వాక్యం చివర్న వస్తుంది, పై అధికారి మాట జారుకునేదీ అక్కడే.

అన్నిటికంటే ప్రమాదం "చూద్దాం". చెప్పినవారి లెక్కలో అది మర్యాదగా కాదనడం. విన్నవాడు సగం ఒప్పుకున్నారనుకుని వెళ్తాడు. వారం తిరిగేసరికి పేచీ. కాదనాలనుకుంటే "ఇప్పుడు కుదరదు, మార్చి 10న మళ్లీ అడగండి" అనండి.

"అయిపోతుంది లెండి"లో చేసేవాడే లేడు. "చర్యలు తీసుకోబడతాయి" సంగతి సరేసరి, అది సర్కారీ ప్రకటనల తెలుగు. "చేసేద్దాం" మాత్రం గడుసుది. "సేద్దాం"లో పని పూర్తయిపోయినంత ఊపు వినిపిస్తుంది, చివరి "ద్దాం" ఆ పనిని గదిలో ఉన్న అందరికీ పంచేస్తుంది. ఇక ఎవరూ చేయరు.

సర్వనామం కూడా చూసుకోండి. "మేము" అంటే ఎదుటివారు అందులో లేరు, "మనం" అంటే ఉన్నారు. కొనుగోలుదారుతో "మనం సరుకు పంపుదాం" అంటే బాధ్యత సగం ఆయన మీదికి నెట్టినట్టే.

1944 జూన్ 5న, రెండో ప్రపంచయుద్ధంలో ఫ్రాన్స్ తీరాన నార్మండీ దాడికి ముందురోజు, మిత్రదేశాల సేనాధిపతి ఐసెన్‌హోవర్ ఒక చీటీ రాసి పెట్టుకున్నారు. దాడి విఫలమైతే విడుదల చేయాల్సిన ప్రకటన అది. (తేదీ పొరపాటున జులై 5 అని పడింది.) "సేనలు ఉపసంహరించబడ్డాయి" అన్న అర్థంలో మొదట రాసి, కొట్టేసి, "నేను సేనలను వెనక్కి రప్పించాను" అని మార్చారు. "ఈ దాడి" అన్నచోట "దాడి చేయాలన్న నా నిర్ణయం" అని దిద్దారు. తప్పేమైనా ఉంటే అది తన ఒక్కడిదేనని ముగించారు. ఆ చీటీ బయటపెట్టాల్సిన అవసరం రాలేదు గానీ, ఈ పాఠానికి అంతకంటే మంచి నమూనా దొరకదు. చేసినవాడు కనిపించని కర్మణి వాక్యాన్ని, చేసినవాడే కర్తగా నిలిచే కర్తరిగా మార్చడం, అంతే.

పని ఇంకొకరు చేసేదైతే? "అకౌంట్స్ వాళ్లు పంపుతారు" అంటే మీరు తప్పుకున్నట్టు. "అకౌంట్స్ వాళ్లతో గురువారం 4 గంటల్లోపు పంపిస్తాను" అంటే చేతులు వాళ్లవి, పూచీ మీది. ఇంకొకరిచేత చేయించడాన్ని చెప్పే తెలుగు ప్రేరణార్థక క్రియ ఇచ్చిన సౌకర్యం ఇది, వాడుకోండి.

ఇది నేర్చుకున్న కొత్తలో చాలామంది చేసే తప్పు ఒకటుంది: తమ చేతిలో లేనిదానికి కూడా మాటిచ్చేయడం. "రుణం 20కల్లా వస్తుంది" అనకండి, మంజూరు చేసేది బ్యాంకు. "పత్రాలన్నీ 12న నేనే బ్యాంకులో ఇస్తాను, మంజూరైందీ లేనిదీ తెలిసిన రోజే మీకు చెబుతాను" అనండి. నిర్ణయానికి సమాచారం చాలకపోతే నిర్ణయం ఎప్పుడు చెబుతారో చెప్పండి: "కొత్త ధరలు శుక్రవారం 5కి ప్రకటిస్తాను, అప్పటిదాకా పాతవే."

అభ్యాసం: గత వారం మీరు పంపిన మెయిళ్లు, వాట్సాప్ మెసేజీల్లోంచి భవిష్యత్తు గురించిన 10 వాక్యాలు కాగితం మీద రాయండి. క్రియల కింద గీత గీయండి. ప్రతి క్రియకూ "ఎవరు? ఎప్పటికి?" అని అడగండి. జవాబు లేనివాటిని తిరగరాయండి. రెండుసార్లు ప్రయత్నించినా "నేను" ఇమడని వాక్యం కనిపిస్తే, అది మీరు ఇవ్వకూడని మాట. వాటిని విడిగా ఉంచండి. ఇచ్చిన మాటను వెనక్కి తీసుకునే పద్ధతి నేర్చుకునే 5వ పాఠంలో అవే పనికొస్తాయి.