మ్యాప్‌లో రంగులు నింపే ముందు

జిల్లాలవారీ లెక్కలున్న ఎక్సెల్ షీట్ చేతికి రాగానే చాలామంది క్యూజీఐఎస్ (మ్యాపులు తయారుచేసే ఉచిత సాఫ్ట్‌వేర్) తెరిచి రంగులు నింపేస్తారు. నేను ముందు ఒక కాగితం తీసుకుని, ఈ మ్యాప్ చూసి మనిషి ఏం తెలుసుకోవాలో ఒక్క వాక్యంలో రాసుకుంటాను. "జబ్బు సోకే ప్రమాదం ఎక్కడ ఎక్కువ?" అన్నది ఒక ప్రశ్న. "మందులు ఎక్కడికి ఎన్ని పంపాలి?" అన్నది వేరే ప్రశ్న. డేటా ఒకటే అయినా మ్యాపులు రెండు వేరు.

ఎందుకో చూడండి. ఒక జిల్లాలో 40 లక్షల జనం, 2,000 కేసులు. ఇంకో జిల్లాలో 2 లక్షల జనం, 400 కేసులు అనుకుందాం. కేసుల సంఖ్యకు రంగు వేస్తే మొదటి జిల్లా ముదురుగా కనిపిస్తుంది. లక్ష మందికి ఎన్ని అని చూస్తే అక్కడ 50, రెండోచోట 200. అసలు ప్రమాదం రెండోచోట ఉంది. ఇలా విడి సంఖ్యలతో, అంటే జనాభాతో భాగించని మొత్తాలతో, రంగు నింపిన మ్యాపుల్లో చాలావరకు జనాభా మ్యాపులే, పైన పేరు మాత్రం ఇంకోటి ఉంటుంది. అందుకే రంగు నింపే కోరోప్లెత్ మ్యాప్‌కు రేటు, శాతం, సాంద్రత లాంటివే వాడండి. క్యూజీఐఎస్‌లో లేయర్ ప్రాపర్టీస్, సింబాలజీ, గ్రాడ్యుయేటెడ్ దగ్గరకు వెళ్లి, వాల్యూ పెట్టెలో కేసులను జనాభాతో భాగించి లక్షతో గుణించే ఎక్స్‌ప్రెషన్ రాస్తే చాలు, కొత్త కాలమ్ అక్కర్లేదు. అయితే జనాభా మరీ తక్కువున్న చోట రేటును నమ్మకండి. 3,000 మంది ఉన్నచోట ఒక్క కేసు పెరిగితే లక్షకు 33 పెరిగినట్టు చూపిస్తుంది.

మందుల ప్రశ్నకు మాత్రం విడి సంఖ్యే కావాలి. దానికి రంగు కాదు, వృత్తాలు వాడండి. విలువ నాలుగింతలైతే వృత్తం వైశాల్యం నాలుగింతలు కావాలి, అంటే వ్యాసార్థం రెండింతలే. వ్యాసార్థాన్నే నాలుగింతలు చేస్తే బొమ్మ పదహారింతలవుతుంది. క్యూజీఐఎస్ సైజ్ అసిస్టెంట్‌లో 'సర్ఫేస్' ఎంచుకుని, విలువా సైజూ రెండూ సున్నా నుంచి మొదలయ్యేలా పెడితే ఈ లెక్క అదే చూసుకుంటుంది. ఒక్కో సంఘటన ఎక్కడ జరిగిందో తెలిస్తే చుక్కలే మేలు. 1854లో లండన్ కలరా మరణాలను జాన్ స్నో ఇంటింటికీ గుర్తు పెట్టి చూపాడు కాబట్టే, అవి బ్రాడ్ స్ట్రీట్ పంపు చుట్టూ గుమిగూడిన సంగతి కంటికి కనిపించింది. వాటినే వార్డులవారీగా కలిపేసి ఉంటే ఆ పంపు కనిపించేది కాదు.

ఇక తరగతులు, అంటే ఏ విలువ నుంచి ఏ విలువ వరకు ఒకే రంగు అన్న విభజన. నాకు అన్నిటికంటే ఎక్కువ టైమ్ పట్టేది ఇక్కడే. పది జిల్లాల విలువలు 2, 3, 4, 5, 6, 7, 8, 9, 10, 100 అనుకోండి. ఐదు తరగతులుగా, మొత్తం పరిధిని సమాన ముక్కలు చేసే 'ఈక్వల్ ఇంటర్వల్' పెడితే తొమ్మిది జిల్లాలు ఒకే లేత రంగులో పడతాయి, ఒకటి ముదురు, మధ్య మూడు రంగులు ఖాళీ. 'క్వాంటైల్' పెడితే తరగతికి రెండేసి జిల్లాలు చక్కగా సర్దుకుంటాయి. కానీ 10కీ 100కీ ఒకే రంగు! విలువల మధ్య సహజంగా ఉన్న ఖాళీల దగ్గర విడగొట్టే జెంక్స్ పద్ధతి 100ను వేరు చేస్తుంది. అలాగని ఎప్పుడూ జెంక్సే అనకండి. రెండు సంవత్సరాల మ్యాపులు పక్కపక్కన పెట్టాలంటే హద్దులు రెండిట్లోనూ ఒకటే ఉండాలి, జెంక్స్‌కు వదిలేస్తే ఏ ఏడాది హద్దులు ఆ ఏడాదివే అవుతాయి. ముందు హిస్టోగ్రామ్ (ఏ విలువలు ఎన్ని ఉన్నాయో చూపే కడ్డీల బొమ్మ) చూడండి, తర్వాత హద్దులు చేత్తో సరిచేయండి. ఐదు తరగతులు దాటితే ఏ ఛాయ ఏదో పోల్చుకోవడం కంటికి కష్టం.

రంగుల విషయంలో నాకు ఓపిక తక్కువ. తక్కువ నుంచి ఎక్కువకు వెళ్లే విలువలకు ఒకే రంగు, లేత నుంచి ముదురుకు. సగటుకు పైనా కిందా చూపాలంటేనే రెండు రంగులు, మధ్యలో లేత రంగు. మ్యాపుల నిపుణురాలు సింథియా బ్రూవర్ తయారుచేసిన కలర్‌బ్రూవర్ రంగుల వరసలు క్యూజీఐఎస్‌లోనే ఉన్నాయి, తీసుకోండి. ఎరుపు, ఆకుపచ్చ జోడీ వద్దు, ఆ రెండూ విడిగా కనిపించనివాళ్లు తక్కువేం కాదు.

డేటా లేని జిల్లాను సున్నాతో కలపకండి. గ్రాడ్యుయేటెడ్ స్టైల్‌లో ఖాళీ విలువలున్నవి అసలు గీయబడవు, అక్కడ తెల్లటి రంధ్రం మిగులుతుంది. అదే లేయర్‌ను డూప్లికేట్ చేసి బూడిద రంగులో కింద ఉంచితే, ఆ రంగునే లెజెండ్‌లో (ఏ రంగుకు ఏ అర్థమో చెప్పే పట్టికలో) "డేటా లేదు" అని చూపించవచ్చు. అన్నట్టు, అనుకోకుండా చాలా జిల్లాలు ఇలా ఖాళీ అయ్యాయంటే ముందు జాయిన్‌ను, అంటే జిల్లా కోడ్ ఆధారంగా షీట్‌ను మ్యాప్‌తో కలిపిన తీరును, అనుమానించండి. ఎక్సెల్‌లో తెరిచి సేవ్ చేసిన సీఎస్‌వీ ఫైలులో '07' కోడ్ '7' అయిపోయి ఉంటుంది.

ప్రపంచ మ్యాప్ అయితే మెర్కేటర్ ప్రొజెక్షన్ (గుండ్రటి భూమిని చదునుగా గీసే పద్ధతుల్లో ఒకటి) వద్దు. అందులో గ్రీన్‌లాండ్ ఇంచుమించు ఆఫ్రికా అంత కనిపిస్తుంది, నిజానికి ఆఫ్రికా దానికి 14 రెట్లు. రంగు నింపినప్పుడు వైశాల్యమే కన్నును లాగుతుంది కనుక ఈక్వల్ ఎర్త్ లాంటి సమవైశాల్య ప్రొజెక్షన్ పెట్టండి.

శీర్షికలో విషయం, కొలమానం, సంవత్సరం మూడూ ఉండాలి. లెజెండ్‌లో 13.2846 లాంటి అంకెలు వదిలేయకుండా గుండ్రం చేయండి. ప్రతి మ్యాప్‌లోనూ ఉత్తర దిక్కు బాణం ఉండాలన్న పట్టుదల నాకు లేదు. డేటా ఎక్కడిదో చెప్పే చిన్న లైను మాత్రం ఉండి తీరాలి. పంపేముందు ఒకసారి బ్లాక్ అండ్ వైట్‌లో ప్రింట్ తీసి చూడండి, పక్కపక్క తరగతులు కలిసిపోతే ఒక తరగతి తగ్గించండి.